కారు ఆగాక మిగిలిన పాట

ఆయన రాసిన పియానో సంగీతాన్ని నేను మొదటిసారి కలకత్తాలో విన్నాను. యాభై ఏళ్ళ కిందటి మాట. పెద్ద హాలు, పైనుంచి వేలాడే గాజు దీపాలు, నల్లటి పియానో, దాని ముందు తెల్లటి ముసలాయన. ఆ ముసలాయన వేళ్ళు కదులుతుంటే నా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. పక్క కుర్చీలో ఉన్న బెంగాలీ పెద్దమనిషి జాలిపడి తన రుమాలు తీసి నాకిచ్చాడు.

ఇందులో కలకత్తా నిజం. బొగ్గు కంపెనీ మమ్మల్ని ట్రైనింగ్ కోసం ధన్‌బాద్ పంపినప్పుడు హౌరా స్టేషన్లో రైలు మారాం. రుమాలు కూడా నిజమే. సీటు కోసం ఎవరో కిటికీలోంచి విసిరిన రుమాలు అది. చూసుకోక దాని మీద కూర్చుని తిట్లు తిన్నాను. మిగతాదంతా నా కల్పన. నాకు డెబ్బై రెండో ఏడు వచ్చేదాకా నేను పియానో మోత వినలేదు.

చూడడం మాత్రం చూశాను. మా కొత్తగూడెం క్లబ్బులో ఒక మూల, పాత పరదా గుడ్డ కప్పుకుని, నెత్తిన క్యారమ్స్ పౌడరు డబ్బాలూ పేపర్ల కట్టలూ మోస్తూ ఒకటి నిలబడి ఉండేది. ఏ దొర తెచ్చాడో, ఎందుకు వదిలిపోయాడో ఎవరికీ తెలియదు. నేను గనిలో హాలేజ్ ఇంజన్ డ్రైవర్‌ని. ఉక్కు తాడుకు కట్టిన బొగ్గు టబ్బులను గని లోపలి నుంచి పైకి లాగే ఇంజన్ ముప్ఫై నాలుగేళ్ళు నా చేతుల్లో ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ క్లబ్బు గేటు దాటలేదు, అది ఆఫీసర్లది. రిటైరయ్యాక అందరం ఒకటే అయిపోయాం. ఇప్పుడు సాయంత్రాలు వాళ్ళూ మేమూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటాం. అక్కడ కూడా మొదటి మాట ఆఫీసర్లదే. నాకు ఎప్పుడూ మూడో మాటో నాలుగో మాటో దొరికేది.

నా అబద్ధం పుట్టింది ఆ బల్ల దగ్గరే.

ఆ రోజు క్లబ్బు సెక్రటరీ, సర్వే ఆఫీసరుగా రిటైరైన మనిషి, చల్లని కబురు చెబుతున్నట్టు చెప్పాడు. “ట్రెడ్‌మిల్ వస్తున్నది. మూలకున్న ఆ డబ్బా జల్దీ తియ్యాలె. పాత సామాన్ల ఆయనకు చెప్పిన. చెక్క చెక్కకు, తీగలు తీగలకు తీస్కపోతడు.”

“అది డబ్బా కాదు సార్, పియానో.”

అందరం గుమ్మం వైపు చూశాం. ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, చేతిలో హెల్మెట్. ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో మ్యూజిక్ టీచరట. బడి ఫంక్షన్‌కు క్లబ్బు కుర్చీలు అడగడానికి వచ్చింది. భద్రాచలం దాటి చర్ల వైపు అడవిలో వాళ్ళ ఊరు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. హాస్టల్లో చదువుకునేటప్పుడు అక్కడి ముసలి సిస్టరమ్మ నేర్పిన పియానో. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం ఆమె నేరుగా మూలకు వెళ్ళి, పేపర్ల కట్టలు దించి, గుడ్డ లాగి, మూత ఎత్తి, ఒక మెట్టు నొక్కింది. గొంతు పట్టేసిన మనిషి దగ్గినట్టు ఒక చప్పుడు వచ్చింది.

ఆ దగ్గుకే ఆమె మొహం వెలిగిపోయింది.

“నాకు ఒక్క నెల ఇయ్యండి సార్. బాగు చేయించుకుంట. బడిల కీబోర్డుకు అరవై ఒక్క మెట్లే. ఆయన పాటలు దాని మీద పట్టవు. ఎడమ చెయ్యి కిందికి దిగంగనే మెట్లు అయిపోతయ్, చెయ్యి పోయి బల్ల మీద పడ్తది.”

“ఎవరి పాటలు?”

ఆమె ఒక పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. నేను పలికితే అది ఏదో బీపీ బిళ్ళ పేరులా వస్తుంది, నా కట్టుడు పళ్ళకూ దానికీ పడదు. రెండు వందల ఏళ్ళ కిందటి మనిషనీ, పియానో కోసమే ముప్ఫై రెండు పెద్ద రచనలు చేశాడనీ, వాటిలో చాలా భాగం చెవులు పోతుండగా, పోయాక చేశాడనీ ఆమె చెప్పింది. అంతే, మా బల్ల దగ్గర ఆయన పేరు ‘చెవిటి దొర’గా స్థిరపడింది.

“చెవులు వినపడనోని పాటలు మన చెవులకు ఎక్కుతయా?” అన్నాడు సెక్రటరీ. “ఇక్కడ ఎవరన్న విన్నరా ఆయన్ని?”

ఆమె మా మొహాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తోంది. నా మొహం దగ్గరికి వచ్చేసరికి నా నోరు తెరుచుకుంది.

“నేను విన్న. కలకత్తల.”

మొట్టమొదటిసారి ఆ బల్ల దగ్గర అందరూ నా వైపు తిరిగారు. ఇక ఆగడం నా వల్ల కాలేదు. గాజు దీపాలు వచ్చాయి, ముసలాయన వచ్చాడు, రుమాలు వచ్చింది. ముప్ఫై రెండింట్లో పద్దెనిమిది విన్నానని కూడా అన్నట్టు గుర్తు.

“అయితె ఇంకేందయ్యా,” అన్నాడు సెక్రటరీ, కాస్త అనుమానంగానే. “నెల దాటినంక ఆదివారం సాయంత్రం ప్రోగ్రాం పెడదాం. ముందుగాల పరిచయం నువ్వే చెయ్యి. జనం చివరిదాక కూసుంటె ఆ పెట్టె ఇక్కడనే ఉంటది, టీచరమ్మ ఆదివారాలు పిల్లలకు నేర్పుకోవచ్చు. లేచిపోయిన్రనుకో, పాత సామాన్లకే. ఆయన్ని ఆ రోజే రమ్మంట.”

ఆమె నాకు చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం నాకు ముల్లులా గుచ్చుకుంది, కానీ దిగమింగాను.

బాగు చేయడానికి ఖమ్మం నుంచి హార్మోనియం సాబ్ వచ్చాడు. తాతల నాటి నుంచి నాటకాల వాళ్ళకు కాళ్ళ హార్మోనియాలు చేసిన ఇల్లు వాళ్ళది. బస్సు దిగి సంచీతో వచ్చి, పియానో ముందు దర్జాగా కూర్చుని, కింద ఉన్న పెడల్స్‌ను రెండు కాళ్ళతో తొక్కడం మొదలుపెట్టాడు. చాలాసేపు తొక్కాడు.

“గాలి తీస్కుంటలేదు టీచరమ్మా. తిత్తి చినిగినట్టున్నది.”

“దీనికి తిత్తి ఉండదు సాబ్.”

“తిత్తి లేకుంట సప్పుడెట్లొస్తది? మీరు మ్యూజిక్ చెప్పేటోళ్ళు, పెట్టె సంగతి నాకొదిలెయ్యండి.” ఇంకాస్త తొక్కాడు. చెమటలు పట్టాక లేచి ముందు పలక ఊడదీశాడు. లోపల నిలువునా బిగించిన తీగల వరసలు. నోరు తెరిచి నిలబడిపోయాడు. “యా అల్లా! హార్మోనియం కడుపుల సితార్ దాసిన్రు!”

ఆ సితార్ కడుపులో ఎలుక కట్టిన పేపరు గూడు ఉంది, చెదలు తిన్న సుత్తులు ఉన్నాయి, అన్నిటికంటే అడుగున క్యారమ్స్ ఎర్ర కాయ ఉంది. ఆ ఎర్ర కాయ పోయిందనే ఇద్దరు రిటైర్డ్ ఓవర్‌మన్లు, గనిలో షిఫ్టులు నడిపిన మనుషులు, రెండేళ్ళుగా మాట్లాడుకోవడం మానేశారు. దాన్ని బల్ల మీద పెడితే ఇద్దరూ దాన్నే చూశారు గానీ ఒకర్నొకరు చూసుకోలేదు. మొత్తానికి సాబ్ పని మొదలుపెట్టాడు. మెట్టు నొక్కితే ఒక చిన్న సుత్తి వెళ్ళి తీగను కొడుతుంది. సుత్తి మొహానికి ఉన్న మెత్తటి గుడ్డ చాలా చోట్ల పురుగులు తినేశాయి. క్లబ్బు వెనక గదిలో కాళ్ళు విరిగి పడి ఉన్న బిలియర్డ్స్ బల్ల ఆకుపచ్చ గుడ్డ కోసి అతికించాడు. తీగలు బిగించే పానా మా వర్క్‌షాపు ఫిట్టరు ఒకాయన అరగదీసి ఇచ్చాడు. టీచరు బడి అయిపోగానే వచ్చి ఫోన్‌లో స్వరం వినిపించేది, సాబ్ తీగ బిగించేవాడు, మధ్యలో నన్ను అడిగేవాడు: “భాయ్ సాబ్, ఎట్లున్నది?”

“బ్రహ్మాండం,” అనేవాణ్ణి.

నాలుగో రోజు ఆయన పానా కింద పెట్టి నన్ను తేరిపార చూశాడు. “భాయ్ సాబ్, ఏమనుకోకండి. మీ ఎడమ చెవు నా దిక్కు ఉంటె బ్రహ్మాండం అంటరు. కుడి చెవు ఉంటె బాగలేదంటరు. తీగ తప్పా, చెవు తప్పా?”

ఇంజన్ రూములో కంప్రెసరు నా ఎడమ పక్కన ఉండేది. ఎడమ చెవి ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పోయిందని మాత్రం రిటైర్మెంటుకు చాలా ముందే తెలుసు. చెబితే ఇంజన్ మీద నుంచి దించేస్తారని కంపెనీలో చెప్పలేదు. అలవాటైపోయి ఇంట్లో కూడా చెప్పలేదు.

అంతలో టీచరు స్టూలు లాక్కుని కూర్చుంది. “మీకు తెల్సిందే ముందు వాయిస్త తాతా. ఆయన పాటల్ల అందరికన్న ఎక్కువమందికి తెల్సింది ఇదే.”

కుడి చేతి రెండు మెట్లు ఒకదానికొకటి ఆనుకుని అటూ ఇటూ ఊగాయి. తర్వాత మెట్టు మెట్టుగా కిందికి జారాయి. నేను గబుక్కున వెనక్కి చూసి పక్కకు జరిగాను. హార్మోనియం సాబ్ నా కంటే ముందే తన సంచీ తీసుకుని గోడకు అంటుకుపోయాడు.

వెనక ఏమీ లేదు. కారు రివర్స్ పెడితే వచ్చే పాట అది. మా వీధిలో, ఖమ్మం బస్టాండు పక్కన, దవాఖానా ముందర, రోజుకు పదిసార్లు దాన్ని విని పక్కకు జరిగే కాళ్ళు మావి.

ఆమె చేతులు ఆపి నా వైపు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంటోంది. “కలకత్తల కార్లు హాల్లకొచ్చి రివర్స్ పెడ్తయా తాతా?”

దొరికిపోయాను. హౌరా స్టేషనూ, సీటు మీది రుమాలూ మొత్తం ఒప్పుకున్నాను. ఊపులో ఎడమ చెవి సంగతి కూడా ఒప్పుకున్నాను. సాబ్ పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. “పరిచయం మాత్రం మీరే చెయ్యాలె. కలకత్తా అన్న నోటితోనే ఆయన గురించి నిజం చెప్పాలె. నేను నేర్పిస్త.”

నెలలో మిగిలిన రోజులన్నీ నాకు పాఠాలే. నేను ఇంత పొగడ్త ఎవరి గురించీ నమ్మే మనిషిని కాదు. కానీ ఆమె చెప్పే తీరు వేరు. పొగిడేది కాదు, వాయించి చూపించేది.

చెవిటి దొర నాన్న పాటగాడట, తాగుబోతట. కొడుకును పియానో ముందు నిలబెట్టి కొట్టి నేర్పాడట. పెద్దయ్యాక ఈయన పియానో వాయిస్తే జనం ఊపిరి బిగబట్టేవారట. ముప్ఫై ఏళ్ళు కూడా నిండకముందే చెవుల్లో మోత మొదలైంది. ఎవరికీ చెప్పలేదట. సంగీతం వాడికి చెవి పోయిందని తెలిస్తే ఎవరు పిలుస్తారు? ఈ మాట చెప్పినప్పుడు ఆమె నన్ను చూడకుండా మెట్ల వైపే చూసింది. నేనూ మెట్ల వైపే చూశాను. కిరాయి ఇళ్ళు మారుతూనే ఉండేవాడట, ఇంటివాళ్ళతో తగాదాలట. పియానోను అంత గట్టిగా బాదితే ఏ ఇంటివాడు ఊరుకుంటాడు?

ఆయన రాసిన వాటిలో ఒకదానికి వెన్నెల పేరు ఉంది. ఆ పేరు ఆయన పెట్టలేదు, ఆయన పోయాక వేరే ఎవరో పెట్టారు, అదే నిలిచిపోయింది అని చెప్పింది. నాకు వెంటనే అర్థమైంది. మా కొత్తగూడెం స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. పేరు చూసి రాముడి గుడి ఉందనుకుని దిగిన వాళ్ళు గోదావరి ఏదని మమ్మల్ని అడుగుతారు. గోదావరి ఇంకా చాలా దూరం ఉంటుంది. “ఆ పాటల గూడ వెన్నెల కోసం వెతుకొద్దు తాతా, వేరే ఊరికి పోతది అది,” అంది.

నిజమే. అందులో నాకు వెన్నెల కనబడలేదు. మూడేసి స్వరాలు ఆగకుండా దొర్లుతూ పోతుంటాయి. నిండు టబ్బుల వరస పట్టాల అతుకుల మీద నెమ్మదిగా పోతుంటే వచ్చే చప్పుడే అది. పైన ఒకే స్వరం మళ్ళీ మళ్ళీ తట్టి పిలుస్తుంది. దాని మూడు భాగాల్లో ఆఖరిది మొదలైతే మాత్రం నెమ్మదితనమంతా తెగిపోతుంది. అడుగు నుంచి పైకి ఒక్క పరుగు, పైన రెండు దెబ్బలు. మళ్ళీ అడుగు నుంచి పరుగు, మళ్ళీ రెండు దెబ్బలు. మొదటిసారి విన్నప్పుడు నా కుడి చెయ్యి గాలిలో లివరు కోసం వెతికింది. మా గనిలో గంట రెండుసార్లు మోగితే టబ్బులను కిందికి వదలమని. ఆయన కూడా రెండు కొట్టగానే కిందికే దిగుతున్నాడు. రెండు వందల ఏళ్ళ కిందటి ఆ మనిషికి మా గంటల లెక్క ఎవరు చెప్పారో!

చెవులు పూర్తిగా పోయాక ఆయన ఒక కర్ర పుల్లను పళ్ళతో కరిచి, రెండో కొస పియానోకు ఆనించి, ఎముకలతో వినేవాడని అంటారట. నిజమో కాదో తెలియదంది. నాకు మాత్రం అది నిజం కావాలి. మర్నాడు వేపపుల్ల తెచ్చి కరిచి పట్టుకున్నాను. ఆమె వాయించింది. కొండ మీదినుంచి బండరాళ్ళు దొర్లినట్టు నా తలలో మోత మోగిపోయింది. నేను మైమరచిపోయాను. తీరా చూస్తే అది నా కట్టుడు పళ్ళ చప్పుడు. పళ్ళు తీసి జేబులో వేసుకుని, అరచెయ్యి పియానో పక్క చెక్క మీద పెట్టాను. అప్పుడు తెలిసింది. హాలేజ్ ఇంజన్ నడిపినవాడు బరువును చెవితో వినడు. బ్రేకు లివరు మీదున్న అరచేతిలో తెలుస్తుంది, తాడుకు నిండు టబ్బులున్నాయో ఖాళీవి ఉన్నాయో. ఆయన ఎడమ చేతి స్వరాలన్నీ నిండు టబ్బులే. అవతలి కొసన ఏం వస్తుందో చూడకుండా, వినకుండా, అంత బరువు పైకి లాగాడంటే ఆ చేతిని ఏమని మెచ్చుకోవాలి? నేను ముప్ఫై నాలుగేళ్ళు లాగింది బొగ్గు. అదీ గంట వింటూ.

ఆదివారం వచ్చింది. హాలు కిటకిటలాడింది, నిలబడడానికి చోటు లేదు. సెక్రటరీ మొదటి వరసలో, మా ఆవిడ రెండో వరసలో, హార్మోనియం సాబ్ పియానో పక్కనే డాక్టరులా. గేటు దగ్గర పాత సామాన్ల ఆయన ట్రాలీ ఆటో ఆపుకుని, చేతికి తాడు చుట్టుకుని కూర్చున్నాడు. పియానో ముందు కూర్చున్న టీచరుకు కిటికీలోంచి ఆ ఆటో సూటిగా కనిపిస్తోంది.

నేను నిజాలు మాత్రమే ఉన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. మైకు చేతికి రాగానే ఏమైందో ఏమో, కాగితం జేబులోనే ఉండిపోయింది. “కలకత్తల...” అన్నాను. గాజు దీపాలు, ముసలాయన, రుమాలు. చప్పట్లు మోగాయి. ఆమె నన్ను ఒకసారి చూసింది. కోపంగా కాదు. కోపమైతే బాగుండేది. మెట్ల వైపు తిరిగి మొదలుపెట్టింది.

రెండు మెట్లు అటూ ఇటూ ఊగాయి.

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. నడవలో కాళ్ళు చాపుకున్నవాళ్ళు కాళ్ళు లాక్కున్నారు. ఒకావిడ మనవణ్ణి రెక్క పట్టి ఒళ్ళోకి లాక్కుంది. సెక్రటరీ అయితే ఏకంగా లేచి నిలబడ్డాడు. “ఎవర్రా అది కారు తీస్తున్నది? ఎనక నా బండున్నది!”

ఒక్కసారిగా నవ్వులు. “రైట్ రైట్, రానీ రానీ!” అని ఎవరో గొంతెత్తారు. “కొంచెం లెఫ్ట్ కొట్టు!” అని ఇంకొకరు. తమ బండ్లు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి నలుగురైదుగురు నిజంగానే లేచారు. ఆమె చేతులు ఆగిపోయాయి, ఒళ్ళోకి వచ్చి ముడుచుకున్నాయి. బయట ట్రాలీ ఆయన ఇక పిలుస్తారనుకుని తాడు విప్పడం మొదలుపెట్టాడు.

కలకత్తా చెప్పకపోయి ఉంటే, ఈ పాట సంగతి ముందే చెప్పి ఉంటే ఇలా అయ్యేది కాదు. కాగితంలో రెండో వాక్యం అదే. మైకు మళ్ళీ పట్టుకున్నాను.

“కూసోండి. జర కూసోండి. నేను చెప్పింది అబద్ధం. కలకత్తల నేను రైలు మారిన, అంతే. ఈ పాట మొదటిసారి ఇన్నప్పుడు నేను గూడ మీలెక్కనే పక్కకు జరిగిన. ఈ హార్మోనియం సాబ్ గోడకు అంటుకపోయిండు, అడగండి.”

“అవ్, అవ్,” అన్నాడు సాబ్, గట్టిగా.

“ఇంకొకటి. నా ఎడమ చెవు ఇనపడదు. కంపెనీల చెప్పలే, ఇంట్ల చెప్పలే. ఈ పాట రాసిన దొరకు తర్వాత రెండు చెవులూ పోయినయ్. ఆయన గూడ చాన ఏండ్లు దాచుకున్నడు. నేను దాచుకుని పింఛన్ తీస్కున్న. ఆయన దాచుకుని గివి రాసిండు. గదీ తేడా.” నవ్వు ఆగింది. “మనకు ఈ పాట తెల్సనుకుంటున్నం. ఎంత తెల్సు? కారు ఎనకకు వచ్చి ఆగేదాక తెల్సు. కారు ఆగుతది, పాట తెగిపోతది. తర్వాత ఏమున్నదో మనూళ్ళె ఎవ్వరికి తెల్వదు. ఇయ్యాల కారు ఆగదు. ఏమున్నదో ఇనిపోండి.”

సెక్రటరీ నిలబడే ఉన్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. కాసేపటికి ఆయన కుర్చీ సర్దుకుని కూర్చున్నాడు. లేచినవాళ్ళూ కూర్చున్నారు.

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. అవే రెండు మెట్లు. ఈసారి ఎవరూ వెనక్కి తిరగలేదు. మాకు తెలిసిన చోటు వచ్చింది, దాటిపోయింది. తర్వాత పాట ఉన్నట్టుండి వాకిలి తలుపులు తీసినట్టు తెల్లగా విచ్చుకుంది, గబగబా నాలుగు మాటలు చెప్పింది, మళ్ళీ పాత చోటికే వచ్చింది. అప్పుడు ఎడమ చెయ్యి అడుగున ఒకే మెట్టును కొడుతూ పోయింది, గుండె కొట్టుకున్నట్టు. ఇంత దిగులు అందులో ఉందని ఏ కారూ మాకు చెప్పలేదు. పోయాక ఆయన కాగితాల్లో దొరికిందట ఇది. ఎవరి కోసం రాశాడో గట్టిగా ఎవరికీ తెలియదట. ఇన్నేళ్ళూ మా వీధుల్లో అది మమ్మల్ని పక్కకు జరగమని కాదు, కాసేపు ఆగమని అడిగిందేమో.

తర్వాత వెన్నెల పేరున్నది, మూడు భాగాలూ. మూడో భాగంలో ఆ రెండేసి దెబ్బలు పడుతుంటే గనిలో పనిచేసిన వాళ్ళ తలలు ఒక్కసారే లేచాయి. నేను ఆమె చేతులు చూశాను. ఆ పొట్టి వేళ్ళు అంత దూరం ఎలా అందుకున్నాయో! ఒక సుత్తికి సాబ్ అతికించిన ఆకుపచ్చ గుడ్డ ఊడి, ఆ మెట్టు డొక్కుగా మోగింది. సాబ్ నుదురు కొట్టుకున్నాడు. ఆమె ఆగలేదు.

ఆఖరి దెబ్బ పడింది, చప్పట్లు మోగాయి. సెక్రటరీ లేచి గొంతు సవరించుకున్నాడు. “ట్రెడ్‌మిల్ వరండల పెడదాం. తడిస్తె తడుస్తది.” కిటికీలోంచి చెయ్యి ఊపి ట్రాలీ ఆయన్ని వెళ్ళిపొమ్మన్నాడు. ఆయన అప్పటికే లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, తాడు భుజాన వేసుకుని.

మా ఆవిడ నా దగ్గరికి వచ్చింది. “ఎడమ చెవా?”

“అవ్.”

“నేను పండేది నీ ఎడమ పక్కనే గద. ఇన్నేండ్లు గోడకు చెప్పుకున్ననా నేను?” చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తేలలేదు. ఆ రోజు నుంచి మంచానికి కుడి పక్క తనదే.

బయట సెక్రటరీ కారు తీస్తున్నాడు. రివర్స్ వేశాడు. రెండు స్వరాలు అటూ ఇటూ ఊగాయి. వరండా మెట్ల మీద ఉన్నవాళ్ళందరం నిలబడిపోయాం. ఒక్కరూ పక్కకు జరగలేదు. కారు ఆగింది, పాట తెగింది.

“సార్, ఇంకొంచెం ఎనకకు రానీయండి!” అని అరిచాడు ఎర్ర కాయ కోసం అలిగిన ఓవర్‌మన్.

“జాగ ఉన్నది సార్, రానీయండి!” అన్నాడు రెండో ఓవర్‌మన్, ఆయన పక్కనే నిలబడి.

సెక్రటరీ గోడ దాకా వచ్చాడు. పాట మళ్ళీ మొదటికే వచ్చి మళ్ళీ తెగింది. దాని తర్వాతి ముక్క హార్మోనియం సాబ్ నోటితో అందుకున్నాడు.

హాలు కిటకిటలాడిందని రాశాను. సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మధ్యలో ఇద్దరు లేచిపోయారు కూడా. ఒకాయన నిద్రపోయాడు, కానీ కూర్చునే నిద్రపోయాడు కనక సెక్రటరీ ఆయన్ని కూర్చున్నవాళ్ళలోనే కలిపాడు.

ఇప్పుడు ఆదివారాలు పిల్లలు నేర్చుకుంటుంటే నేను పియానోకు ఎడమ పక్కన కుర్చీ వేసుకుంటాను, నా కుడి చెవి అటు ఉండేలా. అరచెయ్యి చెక్క మీద పెడతాను. ఎలా ఉందని పిల్లలు అడిగితే ప్రతి స్వరం విన్నానని చెబుతాను. అన్నీ వినబడవు. కుడి కొసన ఉన్న ఆఖరి మెట్లు నా మంచి చెవికి కూడా అందవు. అక్కడికి వేళ్ళు వెళ్ళినప్పుడు టీచరు నా వైపు చూస్తుంది. నేను వేళ్ళు చూసి తల ఊపుతాను.